నల్లదారం

"వాళ్ల పార్టీకే వేసినట్టు ఫొటో చూపిస్తేనే రేపు కుట్టుమిషన్ మీద కూర్చోనిస్తాడట పిన్నీ," అంది సాన్యా, ఓటర్ల వరుసలో గొంతు తగ్గించి. బడి గేటు దగ్గర కుట్టు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ రదీషా, ఓటేసి వస్తున్న తన కూలీల ఫోన్లు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

వెనకున్న మిలుంకా కోటు జేబులోంచి బెత్తెడు నల్లదారం తీసి సాన్యా అరచేతిలో పెట్టింది.

"బ్యాలెట్ కాగితం మీద వాళ్ల నంబరు చుట్టూ దీన్ని సున్నాలా అమర్చి ఫొటో తీసుకో. తర్వాత ఉఫ్‌న ఊదేసి, నీకు నచ్చిన నంబరుకి పెన్నుతో సున్నా చుట్టు. పన్నెండేళ్లుగా నేను చేసేదదే. ఆ గాడిదకి దారమేదో, సిరా ఏదో తెలిసి చస్తేగా!"

"మరి పన్నెండేళ్లుగా బెల్‌గ్రేడ్‌లో గద్దె మీద వాళ్లే ఎందుకు కూర్చుంటున్నారు?"

"నేనొక్కదాన్ని వేస్తే సరిపోతుందటే? మిగతావన్నీ గొర్రెలు."

సాన్యా అట్ట తెర చాటున దారం అమర్చింది, ఫొటో తీసింది, ఊదింది. దారం ఎక్కడ పడిందా అని వంగింది.

బల్ల కింద నేలంతా నల్లదారం ముక్కలే.

ఓటేసి వస్తూ సాన్యా, ఇంకా వరుసలోనే ఉన్న మిలుంకా చెవిలో చెప్పింది. "నువ్వొక్కదానివే కాదు పిన్నీ. అందరూ దారాలే."

మిలుంకా ముఖం వెలిగింది. వరుసలో ముందూ వెనకా ఉన్నవాళ్లని ఆబగా చూసింది. అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది.

"మరైతే... వాళ్లెలా గెలుస్తున్నారే?"