ఎర్ర బొటనవేలు

"ఎంత కడిగినా ఆ రంగు పోదా?"

మగ్గం గుంటలో కూర్చున్న బాలకిష్టయ్య ఉలిక్కిపడి తలెత్తాడు.

గుమ్మంలో ఎవరో కొత్త మనిషి. తల మీద రూమీ టోపీ, ఒంటి మీద మాసిన షేర్వాణీ. బాలకిష్టయ్య కుడిచేతి బొటనవేలినే చూస్తున్నాడు.

బాలకిష్టయ్య ఆ వేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

అది 1937 చలికాలం. పాలనలో మార్పులు తెస్తాం, జనం తమ సలహాలు పంపవచ్చని నిజాం సర్కారు పత్రికల్లో వేయించింది. అడిగిన సర్కారే చెప్పినవాళ్ళ మీద కన్నేస్తుందని గద్వాల సాలెవాడ అమాయకులకు తట్టలేదు.

బాలకిష్టయ్య చెల్లెలు సుభద్రమ్మ అర్జీ రాసింది. మా పిల్లల చదువు తెలుగులో ఉండాలి. బడి పెట్టడానికి సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, అక్కర్లేకుండా ఉండాలి. కోర్టుకు చూపకుండా మనిషిని ఠాణాలో పెట్టే అధికారం ఎవరికీ ఉండకూడదు.

ఆ చివరి మాట రాస్తూ ఆమె ఏడ్చింది. వాడలో ఆమెకూ మరికొందరికీ అక్షరాలు నేర్పిన తిమ్మప్ప పంతులును, ఇజాజత్ లేని బడి నడిపాడని పోలీసులు పట్టుకున్నారు. కృష్ణ అవతలి ఒడ్డున పట్టుకున్నారని తెలిసింది, అంతే. తర్వాత ఆచూకీ లేదు.

అర్జీ కింద మగవాళ్ళు వేలిముద్రలు వేశారు. సిరా కోసం వెతకలేదు. పట్టు అంచుకు వేసే ఎర్ర రంగులో వేలు ముంచి గట్టిగా ఒత్తారు. ఉతికినా దిగని రంగుతో వేస్తే మాట కూడా గట్టిగా నిలుస్తుందట. సాలెవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఇలాంటి బుద్ధి పుట్టదు.

తెల్లటి నూలుకు మరక అంటకూడదని రోజూ చేతులు తోముకునే మనుషులు వాళ్ళు. ముద్ర వేసిందెవరో తెలియాలంటే ఇప్పుడు వేలు చూస్తే చాలు.

"తిమ్మప్ప పంతులు బడి ఈ వాడలనేనా?" అడిగాడు వచ్చినాయన.

"ఏ పంతులు? మాకు ఏ పంతులూ తెల్వదు."

ఆయన మొహం వాడిపోయింది.

"సరే. జర నా మాట వినుండ్రి. మీరు పంపిన కాయితం హైదరాబాద్ దాక పోదు. నడుమలనే ఇప్పి చూస్తరు. జవాన్లు వస్తరు. వచ్చి వేళ్ళు చూస్తరు."

"గదంత నీకెట్ల తెల్సు?"

ఆయన తల దించుకున్నాడు.

"వాడల అందరు ఆ రంగుల వేలు ముంచుండ్రి. ఆడోళ్ళు, ముసలోళ్ళు, ముద్ర వెయ్యనోళ్ళు గూడ. అప్పుడు ఎవర్నని పట్కపోతరు?"

లోపలి నుంచి సుభద్రమ్మ విసురుగా వచ్చింది.

"ఇన్నవా అన్నా? మగోళ్ళు సాల్తలేరంట. ఆడోళ్ళను గూడ లోపలెయ్యనీకొచ్చిండు!"

"గట్ల కాదమ్మా..."

"ఎవనికి అమ్మ? మా పంతులును మింగింది సాలలేదా మీకు?"

ఆ మాటకు ఆయన కళ్ళు మెరిశాయి. "మీ పంతులు..." అంటూ ముందుకొచ్చాడు.

చెప్పనిస్తే కదా! వాడంతా పోగై మెడబట్టి బయటికి నెట్టింది. టోపీ గంజి కుండలో పడింది.

పోతూ పోతూ ఆయన రంగులు వేసే ఇంటి ముందు ఆగాడు. ఎర్ర రంగులో తన వేలు తానే ముంచుకున్నాడు.

"నాటకాలు సూడు," అని నవ్వారు జనం.

మర్నాడే జవాన్లు దిగారు.

కాగితం తీయలేదు, పేర్లు పిలవలేదు. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. ఎర్ర వేళ్ళవాళ్ళను వీధిలో వరసగా కూర్చోబెట్టారు. ముందర బాలకిష్టయ్యే. ఆడవాళ్ళ ఏడుపులతో వాడ దద్దరిల్లింది.

అప్పుడు వచ్చాడాయన, వట్టి తలతో, బొటనవేలు పైకెత్తి చూపిస్తూ.

"అర్జీ రాయించింది నేను. వీళ్ళకు అక్షరం ముక్క రాదు. చీరలు కొంటనని చెప్పి ముద్రలేయించిన. ఇడిసిపెట్టుండ్రి."

జమాదారు ఎగాదిగా చూశాడు. పళ్ళు కొరికాడు.

"నువ్వా? నీకోసమే తిరుగుతున్నం."

వాడవాళ్ళను తిట్టి, తన్ని వదిలేశారు. ఆయన్ని మాత్రం బండికి కట్టి తీసుకుపోయారు.

"సూస్తివా, ఆయన, జమాదారు ఇద్దరూ ఎరుకున్నోళ్ళే," అంది సుభద్రమ్మ. "ఠాణాల కూసోబెట్టి చాయ్ తాపుతరు."

బాలకిష్టయ్య అవునన్నాడు. అనక తప్పలేదు. కాదంటే తాము చేసిన పని ఏమిటో ఒప్పుకోవాలి.

తర్వాత సంతలో ఎవరో చెప్పారు. ఆ మనిషిని ఠాణా వెనక తలుపు నుంచి గోనెలో చుట్టి మోసుకుపోయారట.

ఆ రోజు బాలకిష్టయ్య ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. ఎందుకని ఒకరినొకరు అడగనూ లేదు.

ఇంకొన్నాళ్ళకు తిమ్మప్ప పంతులు తిరిగొచ్చాడు. గడ్డం పెరిగింది, ఎముకలు తేలాయి. వాడ వాడంతా చుట్టూ చేరింది.

"ఎట్ల ఇడిసిండ్రు పంతులూ?"

"సాక్ష్యం చెప్పాల్సిన మనిషి చెప్పనన్నడు. ఆ సాక్ష్యం లేక కేసు నిలువలే."

"ఎవరా పుణ్యాత్ముడు?"

పంతులు చుట్టూ చూశాడు.

"నాకన్న ముందే బయల్దేరిండే! మీ తానికే పోతనన్నడు. రూమీ టోపీ, షేర్వాణీ... రాలేదా?"

గంజి కుండలో పడ్డ టోపీని సుభద్రమ్మ తెచ్చి పంతులు చేతిలో పెట్టింది.

"నన్ను పట్టుకున్న పోలీసు అమీను ఆయనే, సుభద్రమ్మా, ఇంట్ల మాట్లాడేది తెలుగే గానీ రాయరాదని ఊచల నడుమ నుంచి నా దగ్గర ఓనమాలు దిద్దిండు, కొలువు ఇడిసిపెట్టి, మిగిలిన అక్షరాలు నీ దగ్గర నేర్చుకుంటనని వచ్చిండు."