నాలుగో గొంగళిపురుగు

గాలికి లేచిపోతున్న ఇంటికప్పును గాల్లోనే ఒడిసిపట్టి, కింద పడేలోగా మేకులు దిగ్గొట్టిన మొనగాడు లోవెల్. మిన్నెసోటా మొత్తం మీద అతని చేతికి లొంగని పని లేదు. అంతటివాడు ఆ మంగళవారం వంటింటి బల్లముందు కూర్చుని, ఖాళీ గుడ్ల అట్టకేసి చూస్తూ ఏడుపుమొహం పెట్టాడు.

"మళ్లీ చెప్పు. ఏం పారేశావు?" అంది పక్కింటి వెర్నా. ముప్పై ఏళ్లపాటు బడిలో పసిపిల్లల చేత రంగులు పూయించి రిటైరైన మనిషి ఆవిడ.

"మా టిల్డా గొంగళిపురుగు. గుడ్ల అట్ట కత్తిరించి, పచ్చరంగు పూసి, గుండీలు కళ్లుగా అంటించింది. మంచుకి కప్పుల పనుల్లేవు గదా, ఇల్లు సర్దుదామని పిల్ల బస్సెక్కాక పాత బొమ్మలన్నీ రీసైక్లింగ్ డబ్బాలో పడేశా. వాటితో అదీ పోయింది. తొమ్మిదింటికి బండి వచ్చి పట్టుకుపోయింది."

"ఇంకేం దొరకలేదుటయ్యా పారేయడానికి!"

"దెప్పకండి. రోజూ వాళ్లమ్మ ముందు నిలబడి దానికి ముద్దు పెట్టిగానీ బడికి కదలదు. ఇవాళ పొద్దున కూడా పెట్టింది. ఆరేళ్ల పిల్లకి ఏం చెప్పను? మూడున్నరకి బస్సొస్తుంది. ఈలోగా అచ్చం అలాంటిదే ఇంకోటి చేసెయ్యాలి."

మొదటిది చేశాడు. వెర్నా పడీపడీ నవ్వింది.

"ఇది పురుగా? కొలబద్ద పెట్టి కట్టిన రైలుబండి. పసిదాని కత్తెర ఇంత తిన్నగా పోతుందా?"

రెండోది ఎడంచేత్తో చేశాడు.

"ఇది తాగి రోడ్డు మీద పడిపోయిన పురుగు."

మూడోది కళ్లు మూసుకుని చేశాడు. బొటనవేలు అట్టకి అంటుకుపోయింది.

"కావాలని వంకర చేస్తే ఆ వంకర రాదు నాయనా," అంది వెర్నా, ఆ వేలు ఊడదీస్తూ. "పిల్లల చేతికి రంగులిచ్చి పక్కకి తప్పుకోవడమే ముప్పై ఏళ్లూ నేను చేసిన ఉద్యోగం. అది వాళ్ల చేతిలోంచే రావాలి. పెద్దవాళ్లు చచ్చినా చెయ్యలేరు."

"పోనీ, మీరు చేసిపెట్టండి."

"నేనేమైనా పాలుతాగే పిల్లనా?" అని ఆవిడ కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఇక్కడ నిజం ఒప్పేసుకుంటాను. కప్పును గాల్లో పట్టుకున్న మాట నేను కల్పించిందే. అతనూ అందరిలాగే నిచ్చెన వేసుకునే ఎక్కుతాడు. గొంగళిపురుగు దగ్గర చేతులెత్తేసిన మాట మాత్రం నిజం.

మూడున్నరకి బస్సు ఆగింది. కిటికీ గట్టు మీద నాలుగోది ఇంకా ఆరనేలేదు. టిల్డా బూట్ల మంచైనా దులుపుకోకుండా లోపలికొచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుంది. వేళ్లకి పచ్చరంగు అంటింది.

"ఇది అది కాదు," అంది.

లోవెల్ పిల్ల ఎత్తుకి వంగి కూర్చున్నాడు.

"కాదు తల్లీ. అది నేను పారేశాను. కావాలని కాదు. అలాంటిదే చేద్దామని పొద్దుట్నించీ తంటాలు పడ్డాను. నావల్ల కాలేదమ్మా."

ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అని బిక్కుబిక్కుమంటూ చూశాడు. టిల్డా ఏడవలేదు. వాళ్లమ్మ కారు రాలేదు కదా అని కిటికీలోంచి తొంగిచూసి, పచ్చటి వేలు తండ్రి పెదాల మీద పెట్టింది.

"ష్! అమ్మకి చెప్పకు నాన్నా, ఏడుస్తుంది. నేను చేసింది అమ్మ ఎప్పుడో పొరపాటున పారేసింది. నాకు తెలీదనుకుంటోంది."

"మరి... ఇవాళ నేను పారేసింది?"

"అమ్మ చేసింది."