దూరం నుంచి తీసిన ఫొటోలు

ఫోను వెలగగానే తెర మీద ఆమె కూతురు కనబడింది.

బడి గేటు ముందు, భుజాన సంచీతో, ఎవరినో చూసి నవ్వుతోంది. ఆమె ముందు నమ్మలేదు. యూనిఫారంలో పిల్లలందరూ ఒకేలా ఉంటారులే అనుకుంది. తెర తుడిచి మళ్లీ చూసింది. సందేహం లేదు. రెండు జడలు అంత ఎగుడుదిగుడుగా వేసే చెయ్యి ఊరు మొత్తానికి తనదొక్కటే.

పాత ఫోన్లు కొని, బాగుచేసి అమ్మే కొట్టు అది. ముందు గదిలో యజమాని కూర్చుని బేరాలు చూసుకుంటాడు. అద్దాల తడిక వెనక ఆమె బల్ల. వచ్చిన ఫోనులో సిమ్ము మిగిలిందేమో చూడడం, లోపల ఉన్నదంతా చెరిపేయడం, సందుల్లో దుమ్ము బ్రష్షుతో దులిపి ట్రేలో పెట్టడం ఆమె పని. ఎవరి ఫొటోలూ తెరిచి చూడొద్దని పనిలో చేరిన రోజే యజమాని చెప్పాడు. ఒకరి గుట్టు మనకెందుకన్నాడు. ఇన్నాళ్లూ ఆమె ఆ మాట దాటలేదు. ఈరోజు దాటింది.

అన్నీ పాపవే. పార్కులో ఉయ్యాల మీద పాప. స్కూలు వ్యాను ఎక్కుతున్న పాప. డాబా మీద బట్టలు ఆరేస్తున్న తనూ, తన కొంగు పట్టుకుని పాపా. ఒక్కటీ దగ్గర్నుంచి తీసింది కాదు. కొన్నిటికి చెట్టు కొమ్మ అడ్డం, కొన్నిటికి బస్సు కిటికీ ఊచ అడ్డం. ఆ ఫోను గలవాళ్లకు నా అన్నవాళ్లే లేనట్టు, మరొకరి ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆమె ఫోనును బల్ల మీద బోర్లించింది.

లేచి వెళ్లి, మాటవరసకు అడిగినట్టు, ఈ ఫోను ఎవరిచ్చారని యజమానిని అడిగింది. పొద్దున ఒకావిడ వచ్చిందనీ, నీ ఈడే ఉంటుందనీ, బేరం కూడా ఆడకుండా దీన్ని ఇచ్చేసి మరొకటి తీసుకుందనీ ఆయన చెప్పాడు.

“ఒక్కటే అడిగిందమ్మా. ఎంత దూరం నుంచి తీసినా మొహం తేటగా పడే కెమెరా కావాలంది. పిట్టల ఫొటోలు తీసే పిచ్చేమో అనుకున్నా.”

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆ మొహం చూసి ఆయన గుచ్చి గుచ్చి అడిగాడు. చివరికి ఫోను చూపించక తప్పలేదు.

ఒక్కో ఫొటో చూస్తున్నకొద్దీ ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని నలుగురూ అనుకుంటుంటే కొట్టిపారేశానన్నాడు. ముందు ఇలాగే మాటువేస్తారట. పిల్ల ఎప్పుడు ఎక్కడ ఉంటుందో కనిపెట్టి, అదను చూసి ఎత్తుకెళతారట.

“నా కూతురే అయితే ఈపాటికి స్టేషన్లో ఉండేవాణ్ణి,” అన్నాడు.

“వద్దు బాబాయ్. మా ఆయన్ని అడిగి చెప్తా.”

బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి భర్తకు ఫోను చేసింది. అంతా విన్నాక అతను, పాపను బడి నుంచి ఇప్పుడే తీసుకొచ్చేస్తాననీ, నువ్వూ ఏదో వంక చెప్పి బయల్దేరమనీ, ఇల్లు మారిపోదామనీ అన్నాడు.

“మళ్లీనా?” అందామె.

“మళ్లీనే.”

పోలీసుల మాట అతనూ ఎత్తలేదు. వీధిలో చిన్న గొడవైనా తలుపేసుకునే రకం అతను.

ఫోను పెట్టేసి కూర్చుంది గానీ మనసు మనసులో లేదు. ఎవరయ్యుంటారు? ఆమె అనుమానించని మనిషంటూ మిగల్లేదు. పాపకు ఊరికే బిస్కెట్లు పెట్టే పక్కింటావిడ. గేటు దగ్గర బుగ్గలు గిల్లే ఆయా. పైవాటాలో కొత్తగా దిగిన టీచరమ్మ. ఒక్కొక్కరినీ మనసులోనే బోనెక్కించి, నిలదీసి, దించేసింది. ఒక్క అనుమానాన్ని మాత్రం గుమ్మం తొక్కనివ్వలేదు. అది తలుపు కొడుతూనే ఉంది.

ఆమె వేలు అలవాటైన చోటికే వెళ్లింది. అన్నీ చెరిపేయాలా అని ఫోను అడిగింది. చెరిపేయమని నొక్కింది. క్షణంలో తెర తెల్లబడింది.

అది చూసి యజమాని నెత్తి కొట్టుకున్నాడు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేజేతులా పోగొట్టావేంటమ్మా అన్నాడు. చెయ్యి తగిలిందంది. పాపం, భయంతో మతి పోయిందనుకున్నాడాయన.

“నువ్వేం కంగారుపడకు. ఫోనుకి కవరు తీసుకోడానికి సాయంత్రం వస్తానంది ఆవిడ. నేను మాటల్లో పెడతాలే. స్టేషన్లో మనకు తెలిసినాయనకి చెప్పేశా. బయల్దేరాడు కూడా.”

ఆమె సంచీ అందుకుంది. బయటికి వెళ్లాలంటే ముందు గదిలోంచే వెళ్లాలి. అడుగు వేసేలోగా వీధి తలుపు తెరుచుకుంది.

“అన్నా, పొద్దున నేనిచ్చిన ఫోను ఉందా?” ఆడగొంతు. “అందులో ఫొటోలు కొత్తదాంట్లోకి రాలేదు. కావాలంటే దానికి తగ్గించిన డబ్బు ఇచ్చేస్తా. నాకున్న ఆధారం అవే.”

యజమాని తీరిగ్గా కుర్చీ చూపించి, కూర్చోమ్మా అన్నాడు. తడిక వెనక ఆమె అద్దానికి అంటించిన బొమ్మల సందులోంచి తొంగిచూసింది.

జుట్టు సగం నెరిసిపోయినా ఆమె ఇట్టే గుర్తుపట్టింది: ఆ రోజు బస్టాండులో, పాలుతాగే పాపను తన ఒడిలో పెట్టి, “చెల్లీ, కాస్త పట్టుకో, నీళ్లు పట్టుకుని ఇప్పుడే వచ్చేస్తా” అని నమ్మి వెళ్లిన మనిషే.