బూడిద లేని బొగ్గు

"మీ పొగాకు మీరు కాల్చుకోండి. నా కాయల మీద ఈ బూడిదేంది?"

బాలస్వామి తన మిరప కల్లంలో నిలబడి గొంతు చించుకుంటున్నాడు. ఎర్రగా ఆరబోసిన కాయల మీద బూడిద తెల్లగా పరుచుకుని ఉంది. గట్టుకు ఇవతల, పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే జాన్ బాషా బ్యారన్. దాని గోడ పక్కన, సీజనంతా పొయ్యిలోంచి లాగిపోసిన బొగ్గు బూడిద గుట్ట. గాలి లేస్తే చాలు, అదంతా కల్లం మీదికే.

జాన్ బాషా నోరు తెరిచేలోగా అతని బావమరిది కలీం ముందుకొచ్చాడు. ఒంగోలు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. బొగ్గును సాల్వెంటులో ఉడికించి, కరగని మట్టినంతా వడగట్టి, మిగిలిన సారాన్ని గడ్డకట్టించి రెండు బస్తాలు తెచ్చాడు. మట్టే లేని బొగ్గుకు బూడిద ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ ముక్క బావకు నచ్చజెప్పేసరికి కలీంకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇవాళ్టి నుంచి మా పొయ్యిలో చిటికెడు బూడిద కూడా రాదండీ" అన్నాడు కలీం. అక్కడితో ఆపితే బాగుండేది. ఆ గుట్ట కూడా తమకు అక్కర్లేదనీ, కావాలంటే పట్టుకుపొమ్మనీ అన్నాడు.

ఇటుకల మట్టిలో కలపడానికి పనికొస్తుందని బాలస్వామి మధ్యాహ్నానికల్లా దాన్ని ట్రాక్టరుకెత్తించి, నేల ఊడిపించి మరీ తన దొడ్లోకి తోలించుకున్నాడు. కలీంకు కడుపు నిండిపోయింది.

సాయంత్రం కొత్త బొగ్గు పొయ్యిలో పడింది. పడీ పడగానే బెల్లం పాకంలా కరిగి భగ్గుమంది. లోపల కర్రలకు కట్టిన ఆకు ఇంకా పసుపు తిరగనే లేదు. ఇప్పుడు వేడెక్కువైతే పచ్చిగానే మాడిపోతుంది. ఏడాది కష్టమంతా ఆ కర్రల మీదే ఉంది. పొయ్యి తలుపు మూసినా థర్మామీటరు ఎక్కుతూనే ఉంది. 

నీళ్ళు పోద్దామన్నాడు కలీం. పొయ్యి పగులుద్దన్నాడు జాన్ బాషా. మట్టి కప్పుదామన్నాడు. మంట చచ్చిపోతే ఆకు నల్లబడుద్దన్నాడు బావ.

అంటూనే జాన్ బాషా అలవాటుకొద్దీ పార పట్టుకుని గోడ పక్కకు పరిగెత్తాడు. ఊడ్చిన నేల మీద పార కర్రుమంది. దాన్ని అక్కడే పారేసి, గంప తెచ్చి కలీం చేతిలో పెట్టి, కల్లం వైపు చూపించాడు.

కాయల మీద పట్టా కప్పుతున్న బాలస్వామి, ఇంకా ఏం గొడవరా బాబూ అన్నట్టు చూశాడు.

"బాలస్వామి గారూ" అన్నాడు కలీం తలెత్తకుండా. "మంట కాస్త అణగడానికి చల్లాలి, ఓ నాలుగు గంపలు బూడిద ఇప్పించండి."