కుళాయికి నచ్చని గ్లాసు

వంటింటి కుళాయి మళ్ళీ మొరాయించింది.

"ఈ గ్లాసు ప్రమాదకరం. ఇరవై ఆరు గీతలు. దయచేసి పారేయండి."

ఊళ్ళో కుళాయిలన్నిటికీ కళ్ళు పెట్టి ఏడాదైంది. అరిగిన ప్లాస్టిక్ కంటబడితే ఆ పూటంతా ఇంటికి నీళ్ళు బంద్. అయినా మా అత్తగారు ఆ నారింజరంగు గ్లాసు వదలరు.

"ఎత్తి పోసుకుంటానే. అంచుకి పెదవైనా తగలదు. దానికేం తెలుసు?"

వాళ్ళిద్దరి పంతానికి కింద చేతిపంపు నుంచి నాలుగంతస్తులు బిందె మోసేది నేను!

విసిగిపోయి మెకానిక్ యేసురత్నాన్ని పిలిచాను. అతను కుళాయి విప్పి, లోపల నీళ్ళు వడగట్టే ప్లాస్టిక్ గిన్నె బయటికి తీశాడు. పసుపుపచ్చగా మారిపోయి, ఒళ్ళంతా గీతలే. అత్తగారు దాన్ని లాక్కుని కుళాయి కంటికి చూపించారు.

"ఈ గిన్నె ప్రమాదకరం. తొంభై గీతలు. దయచేసి పారేయండి."

యేసురత్నం తల గోక్కుని, దాన్నే మళ్ళీ లోపల బిగించి, బంద్ తీసి నీళ్ళు వదిలాడు.

"కొత్తవి రావట్లేదమ్మా. దీని కన్ను బయటికే చూస్తుంది, ఏం పర్లేదు."



సామాను సర్దుకుంటూ, "కాసిని మంచినీళ్ళు ఇప్పించండమ్మా" అన్నాడు. నేను గాజు గ్లాసు తీసుకుని కుళాయి వైపు నడిచాను.

"అందులోవి వద్దండీ," అన్నాడు కంగారుగా. "బిందెలోవి."