గుమ్మం దగ్గర దగ్గు

"మీ మాయాలోకపు కథల్లో ప్రభువు ఎక్కడా కనబడడు. చీకట్లో ఆయన దగ్గు మాత్రం వినిపిస్తుంది. ఎవరి ప్రభావమండీ?" అడిగింది విలేకరి.

"బైబిలే. కొంత గ్రీకు తత్వం," అన్నాడు రచయిత. "మన బాధంతా మోసే దేవుడికి దగ్గు రాదూ మరి? మా నాన్న కూడా అంతే. దగ్గుతూనే బతికాడు."

టీ తెచ్చిన అక్క ఫక్కున నవ్వింది. "నీ మొహం! ఆయనకి దగ్గెక్కడిదిరా? రాత్రి డ్యూటీ నుంచి వస్తూ సందు మొదట్లోనే దగ్గేవాడు. తల్లిలేని పిల్లలు, తలుపు చప్పుడుకి జడుసుకుంటారని."



సాయంత్రం విలేకరినీ, తన ఊరికి వెళ్తున్న అక్కనీ బస్సెక్కించి రచయిత తిరిగొచ్చాడు. తాళం తీయబోతూ ఆగి, చిన్నగా దగ్గాడు.

జడుసుకోవడానికి లోపల ఎవరూ లేరు.