ఎర్రబడిన కత్తి

కుక్క మొరగలేదు.

అందుకే గబ్బూరు దానిమ్మతోటలోకి ఎవరో వచ్చిన సంగతి గురురాజ్‌కు తెలియలేదు. తలెత్తి చూసేసరికి తలపాగా ముసలాయన ఒకడు తెగులుమందు డ్రమ్ము మీదికి వంగి, తన కత్తిని అందులో ముంచి నిలబడ్డాడు.

“ఏయ్, ఎవడ్రా నువ్వు? మందుల ఏం కలుపుతున్నవ్?”

ముసలాయన ఉలిక్కిపడి కత్తి బయటికి తీశాడు. నల్లటి ఇనుము ఎర్రబారి ఉంది.

“ఏం కలపలే సామీ. మైలుతుత్తం, సున్నం సరిపడ కలిసినయా లేదా చూసిన. కత్తి ఎర్రగయింది. సున్నం తక్కువయింది. ఇంకింత పొయ్యండి. లేకుంటే ఆకు మాడతది, పూత రాలతది.”

పొరుగూరి నుంచి వచ్చిన కూలీలు పని ఆపి చూస్తున్నారు.

గురురాజ్‌ది రాయచూరు బజారులో బట్టల కొట్టు. తోట చేతికొచ్చాక ఇంత నిండుగా పూత రావడం ఇదే మొదలు. ఇదీ తెగులుకు పోతే తోట మీద ఆశ వదులుకోవలసిందే. అలాంటిది, ఊరూ పేరూ లేనివాడు కూలీల ముందు తప్పు పడితే తల కొట్టేసినట్టయింది.

“తోట నీదా, నాదా?”

ముసలాయన తల వంచుకున్నాడు.

“మీదే సామీ.”

“మరి నోరు మూస్కో. సంచి దులుపు. ఏం దొంగిలిచ్చినవో చూస్త.”

కత్తి లాక్కున్నాడు.

“పూత మీదున్న తోటల ఏం దొరుకుతది సావుకారీ, తల్ల పెట్టుకోనికి పూలా?” ఒక కూలామె కిసుక్కుమంది.

సంచిలోంచి రెండు జొన్నరొట్టెలు పడ్డాయి. అంతే.

ముసలాయన వాటిని తీసి కుక్క ముందు పెట్టాడు. దాని తల నిమిరాడు. కత్తి కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

“తనకే గతి లేదు, కుక్కకు పెడుతుండు!” నవ్వాడు గురురాజ్. మందు అట్లాగే కొట్టించాడు.

వారం తిరక్కముందే ఆకుల అంచులు మాడాయి. పూత నేలంతా ఎర్రగా పరుచుకుంది.

కాలేజీలో సైన్సు చదివే కూతురు నేత్ర ఆ కత్తిని గోటితో గీకి చూసింది.

“ఇది రాగి నాన్నా. తుత్తంల రాగికి ఎలక్ట్రాన్లు తక్కువుంటయి. ఇనుము తనయి ఇచ్చేస్తది. ఇచ్చిన ఇనుము నీళ్లల కరిగిపోతది, తీసుకున్న రాగి కత్తికి అంటుకుంటది. సున్నం సరిపోయింటే గిట్ల కాకపోతుండె. ముందే చెప్పిండంటివి గదా, ఎవరాయన?”

‘దొంగ’ అన్న మాట గురురాజ్ నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు కత్తి పట్టుకుని పక్క చేను ఉలిగప్ప దగ్గరికి పోయాడు.

“ఇది ఎవరిదో ఎరికేనా కాకా? ఇచ్చి కాళ్లు పట్టుకోవాలె.”

ఉలిగప్ప కత్తి పిడిని తిప్పి చూశాడు.

“ఈరప్పది. ఇంకెక్కడ దొరుకుతడు? కూలికని బెంగుళూరు పోయిండు, ఇంక రాడు. పోయేముందు ఒక్కసారి చూసొస్తనన్నడు... ఆయనొస్తే కుక్క మొరిగిందా?”

“లే కాకా.”

“ఎట్ల మొరుగుతది గురురాజూ, బ్యాంకు వేలంల ఆయన తోట నీ చేతికి రాకముందు ఆ కుక్కను కూననుంచి సాకింది, ఆ చెట్లన్ని నాటింది ఆ ఈరప్పే గదా.”